చిట్టేటి గట్టు మీద ఒక్కడే సైన్యం

చిట్టేటికి ఇవతల కుందవరం, అవతల వేగవరం. కుందవరాన్ని ఏలే మహారాజు పేరు రణరంగదేవుడు. పేరు చూసి జడుసుకోకండి, ఆయన రణరంగం మొహం ఎన్నడూ ఎరగడు. ఆయన చేసిన యుద్ధాలన్నీ కొలువుకూటం పక్క గదిలో, నేల మీద గీసిన పటం మీదే.

ఆ ఆట పేరు దిగ్విజయం. కనిపెట్టింది రాజుగారే. చుట్టుపక్కల దేశాలన్నీ గడులుగా గీయించి, ఏనుగుల్నీ గుర్రాల్నీ కోటల్నీ మట్టితో చేయించి పావులుగా పెట్టుకున్నారు. ఒక ఎత్తు మనది, ఒక ఎత్తు ఎదుటివాడిది. వంతు తప్పి పావు ముట్టుకున్నవాడు ఓడినట్టే, తలపాగా తీసి నేల మీద పెట్టాలి. ఆ విషయంలో రాజుగారు మహా నిక్కచ్చి. ఒకసారి తుమ్మొచ్చి మహామంత్రి చెయ్యి గుర్రానికి తగిలితే, పాపం ఆ ముసలాయన చేత కూడా తలపాగా తీయించారు.

ఆడగా ఆడగా రాజుగారికి చరిత్ర కూడా ఆటలోంచే తెలియసాగింది. "మా తాతగారి కోటకి ఇరవై ఏళ్ళు పట్టిందని రాశావేమయ్యా? ఆటలో రెండు ఎత్తుల్లో లేస్తుంది. మిగతా కాలమంతా మేస్త్రీలు పడుకున్నారన్నమాట" అని ఆస్థాన పండితుణ్ణి కోప్పడ్డారు. "ఆటలో రాజు చావడే, మరి మా ముత్తాత జ్వరంతో ఎలా పోయాడు? ఎవరో వంతు తప్పి ఉంటారు" అన్నారు. పండితుడు రాసినదంతా దిద్దుకున్నాడు. అంతవరకూ అందరికీ తమాషాగానే ఉంది.

ఆషాఢంలో ఒకనాడు రాజుగారు ఆటలో వేగవరాన్ని గెలిచి, సేనాపతి బేతనాయకుణ్ణి పిలిపించారు.

"రేపు పొద్దున్నే సైన్యంతో బయల్దేరు. మేమూ వస్తాం. సాయంత్రానికి వేగవరం కోట మీద మన జెండా ఎగరాలి."

బేతనాయకుడు చేతులు జోడించాడు. "ప్రభూ, చిట్టేరు ఒడ్డులొరుసుకుని పారుతోంది."

"ఆటలో మా ఏనుగు ఒక్క ఎత్తులో దాటింది."

"సైనికులంతా రైతుబిడ్డలు. విత్తనాల అదను దాటిపోతే ఏడాదంతా తిండికి కటకట."

"తిండా? ఆటలో ఎవరైనా తిన్నారా?"

"అవి మట్టి బొమ్మలు ప్రభూ."

"మట్టి బొమ్మలపాటి చెయ్యరా నీ సైనికులు?" అన్నారు రాజుగారు. ఇక మాట్లాడడానికేం మిగిలింది? కాదంటే తన తల పోతుంది. అవునంటే ఆ పిల్లలంతా ఏట్లో కొట్టుకుపోతారు. బేతనాయకుడు తిన్నగా విదూషకుడు మాచన ఇంటికి నడిచాడు.

మాచన అరుగు మీద కూర్చుని బీరకాయ చెక్కు తీస్తున్నాడు. అంతా విని, "ప్రభువులు వంతు పాటిస్తారుగా?" అన్నాడు.

"ప్రాణం పోయినా తప్పరు."

"అయితే బయల్దేరండి సేనాపతిగారూ. గట్టు మీద జెండా పాతండి. నీళ్ళలో మాత్రం కాలు పెట్టనివ్వకండి." అని మళ్ళీ బీరకాయ పట్టుకున్నాడు. ఈ మనిషిని నమ్మి వచ్చినందుకు బేతనాయకుడు తనని తాను తిట్టుకున్నాడు.

మర్నాడు సైన్యం గట్టు చేరింది, జెండా పాతారు. ఎర్రటి నీళ్ళు చెట్లని వేళ్ళతో సహా లాక్కుపోతున్నాయి. రాజుగారు అంబారీ మీంచి చెయ్యెత్తారు. "ఊఁ, దాటండి."

"ఆగండి ప్రభూ" అంటూ మాచన అడ్డం వచ్చాడు. "సైన్యం కదిలింది, జెండా పాతింది. మన ఎత్తు అయిపోయింది. ఇప్పుడు సోమదేవ మహారాజు వంతు."

సోమదేవుడంటే వేగవరం రాజు. ఆ సమయంలో ఆయన ఇంట్లో హాయిగా భోంచేస్తున్నాడు.

"తెలివిలేని మాటలాడకు. ఇది యుద్ధం."

"ఆటలో ఉన్నట్టే యుద్ధమని ప్రభువులే సెలవిచ్చారు. కాదంటే చెప్పండి, దాటేద్దాం. కాకపోతే వంతు తప్పినవారు ఏం తీసి నేల మీద పెట్టాలో మహామంత్రిగారికి బాగా గుర్తుంది."

రాజుగారి చెయ్యి కిరీటం మీదికి పోయింది. "సరే, వాణ్ణి ఎత్తు వెయ్యనీ. అందాకా సైన్యం గడి వదలడానికి వీల్లేదు."

"చిత్తం. ఆటలో సైన్యమంటే ఒక్క పావే కదా ప్రభూ. గడిలో ఒక్కడుంటే చాలు."

రాజుగారు సరేనన్నారు. నూకన్న అనే మీసాల బంటుని జెండా పక్కన నిలబెట్టి తక్కినవాళ్ళు విత్తనాలకి పోయారు. ఆ రోజు బేతనాయకుడు ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాడు. బీరకాయ చెక్కు తీస్తూ ఇంత ఆలోచన చేశాడా ఈ మహానుభావుడు అని పొంగిపోయాడు.

వానలు కురిశాయి, వరి ఈనింది. సోమదేవుడు కదలడే. "ఎంతసేపు ఆలోచిస్తున్నాడో చూడు, గట్టి ఆటగాడే" అని రాజుగారు రోజూ మెచ్చుకునేవారు.

ఏరు తగ్గాక వేగవరం నుంచి రాయబారి వచ్చాడు. "మహారాజా, మీ మనిషి ఒకడు గట్టు మీద ఒంటరిగా ఇన్నాళ్ళూ వానలో తడిశాడని మా ప్రభువు నొచ్చుకున్నారు. అతనికి గొంగడి, తమకు ఈ సీతాఫలాలు పంపారు."

రాజుగారు పటం ముందు కూర్చుని అటూ ఇటూ పావులు చూశారు. "దీనికి నా ఆటలో పైఎత్తు లేదు మాచనా" అన్నారు. అంతలో ఏదో తట్టినట్టు తలెత్తారు. "అసలు ఆట మొదలైందని సోమదేవుడికి తెలుసా?"

"తెలియదు ప్రభూ. ఆడుతున్నానని తెలియనివాడి మీద ఇంతకాలం ఓడిపోకుండా నిలిచినవారు తమరొక్కరే."

రాజుగారు ఒక్క క్షణం కళ్ళెర్రజేశారు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. పటం మీద బోర్లాపడి, కోటలన్నీ దొర్లిపోయేదాకా నవ్వారు. మెళ్ళో ముత్యాలహారం తీసి మాచన మెళ్ళో వేశారు. రాయబారి వెంట సోమదేవుడికి ఒక గున్న ఏనుగుని పంపించారు, ఈసారి నిజం ఏనుగుని.

ఆనక నూకన్నని పిలిపించారు. వాడు గొంగడి కప్పుకునే వచ్చాడు.

"ఒక్కడివే మా సైన్యమంతా అయ్యావు. బాగా కష్టమైందా?"

"కష్టమేముంది దొరా. పూటపూటకీ ఆకలేసేది, అంతే."

రాజుగారు నవ్వడం మానేశారు. బుట్టలోంచి పెద్ద సీతాఫలం ఏరి, తన చేత్తోనే విప్పి నూకన్న చేతిలో పెట్టారు. వాడు తినేదాకా అక్కడే నిలబడ్డారు. పక్కనున్న బేతనాయకుడు మెల్లగా తలపాగా తీసి మాచన కాళ్ళ ముందు నేల మీద పెట్టాడు.