నూకాలు బండికి నాలుగు చక్రాలు

అనగనగా ఒక కొండ, కొండ కింద ఒక ఏరు, ఆ రెంటి మధ్యా తిరగడానికి ఒక పాత పికప్ బండి. బండి ఉందంటే నడిపేవాళ్ళు ఉండాలి కదా. ఈ బండిని నడిపేది ఒక ఎలుగుబంటి. పేరు నూకాలు.

ఆ బండి నూకాలు దగ్గరికి కొత్తగా రాలేదు. పట్నంలో ఎవరో కూరగాయలు మోయించి మోయించి, ఇక చాలనుకుని వదిలించుకున్నది. ఏడాదంతా దాచిన తేనె ఇచ్చి నూకాలు దాన్ని తెచ్చుకుంది. ఒంటినిండా సొట్టలు. కుడి తలుపు తాడుతో కట్టాలి. ఇంజను మాత్రం గట్టిది, తాళం తిప్పగానే అందుకునేది.

బండి ఎందుకంటే, నీళ్ళ కోసం. వేసవి వస్తే కొండ మీది చెలమ ఎండిపోతుంది. కింద ఏట్లో నీళ్ళున్నాయి. కానీ జంతువులు దిగి తాగగలిగే రేవు ఒక్కటే. ఆ రేవులో మొసలి ఉంది. దాహం తాళలేక దిగినవాళ్ళలో ప్రతి వేసవిలోనూ కొందరు తిరిగి వచ్చేవాళ్ళు కారు. నూకాలు జోలికి మాత్రం మొసలి వచ్చేది కాదు. ఒకసారి ఆమె పంజా దెబ్బ తిన్నాక, ఆమెను చూస్తే మర్యాదగా పక్కకు తప్పుకునేది. అందుకని ఏట్లో డ్రమ్ములు నింపి కొండ మీదికి తోలతానని నూకాలే అందరికీ మాట ఇచ్చింది.

మాట ఇచ్చిన కొద్ది రోజులకే బండి టైర్లు నాలుగూ చేతులెత్తేశాయి. అరిగి అరిగి బోడిగుండ్లయ్యాయి. చక్రాల ఇనుము తుప్పు పట్టి వంకర తిరిగింది. పొద్దున కొట్టిన గాలి మధ్యాహ్నానికి ఉండేది కాదు.

కొండ మీద ఒక దుప్పి అప్పుడే ఈనింది. కూన ఇంకా సరిగా నిలబడలేకపోతోంది.

"నూకాలక్కా, చెలమలో బురదే మిగిలింది. నాకు పాలు తగ్గిపోతున్నాయి. నీ బండి రాకపోతే వీణ్ణి వెంటబెట్టుకుని రేవుకి దిగడం తప్ప ఇంకేం చేయను?" అంది దుప్పి.

"దిగకు. చక్రాలు మార్చుకుని వచ్చేస్తాను," అంది నూకాలు.

కొండ కింద ముంగిస చిట్టయ్యకు టైర్ల కొట్టు ఉంది. చిట్టయ్య మంచివాడే. కాకపోతే ఎవరినీ కాదనలేడు. వచ్చినవాళ్ళు ఏది చూపిస్తే అది బిగించేవాడు. నప్పకపోతే తిరిగి తెమ్మనేవాడు. ఆ కొట్టులో అడుగుపెట్టేసరికి నూకాలుకి కళ్ళు తిరిగాయి. వెడల్పువి, ఎత్తువి, మెరిసేవి, నల్లనివి. చక్రాల్లో ఇన్ని రకాలు ఉంటాయని ఆమెకు తెలియదు. దేన్ని తీసుకోవాలో తోచక, పెద్దవాళ్ళను అడిగి చేస్తే మంచిదనుకుంది.

అడగడంలో తప్పు లేదనుకోండి. కానీ సాయం అడిగితే ముఖం చాటేసేవాళ్ళు కూడా సలహా అడిగితే కుర్చీ వేసి మరీ కూర్చోబెడతారు. పాపం నూకాలుకి ఆ సంగతి తెలియదు.

మొదట ఏనుగు తాత దగ్గరికి వెళ్ళింది. ఏనుగు తన పాదాన్ని ఎత్తి చూపించాడు.

"చూడమ్మా, ఇంత బరువున్న నేను ఎప్పుడైనా నేలలో దిగబడ్డానా? ఎందుకని? పాదం వెడల్పు. నీ బండికి కూడా వెడల్పు చక్రాలు వేయించు. ఇంకేం ఆలోచించకు."

సరేనని నూకాలు కొట్టులో ఉన్న వాటన్నిటిలోకీ వెడల్పైన చక్రాలు బిగించుకుంది. అవి బండి ఒళ్ళు దాటి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చాయి. డ్రమ్ములు నింపుకుని బయలుదేరింది. ఏటి ఇసుక చక్కగా దాటింది. రాళ్ళ ఎక్కుడు కూడా ఎక్కింది. నూకాలు పొంగిపోయింది. ఆపైన మలుపు వచ్చింది. ఒకవైపు బండరాయి, మరోవైపు లోయ. నూకాలు స్టీరింగు తిప్పింది. చక్రం కొంచెం తిరిగి మడ్‌గార్డుకి తగిలి ఆగిపోయింది. ఇంకాస్త బలంగా తిప్పితే రబ్బరు కాలిన వాసన వచ్చింది. బండి ముక్కు లోయ వైపే చూస్తోంది. గుండె చిక్కబట్టుకుని కొండ కింది దాకా వెనక్కి వెనక్కి నడుపుకుంటూ వచ్చింది.

రెండోసారి కొంగ బాబాయి దగ్గరికి వెళ్ళింది. కొంగ అప్పటికే ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. నూకాలు చెప్పినదంతా విని నవ్వాడు.

"ఏనుగు మాట విన్నావా? వాడిదంతా ఒళ్ళే. నన్ను చూడు. నీళ్ళలో నిలబడతాను, బురదలో నిలబడతాను, ఒంటికి చుక్క అంటదు. కాళ్ళు పొడుగుండాలి నూకాలూ. ఎత్తు చక్రాలు వేయించు."

చిట్టయ్య వెడల్పువి విప్పి ఎత్తువి బిగించాడు. బండి ఎంత ఎత్తయిందంటే, ఎక్కడానికి నూకాలుకి రాయి వేసుకోవలసి వచ్చింది. కూర్చున్నాక మాత్రం దొరసానిలా ఉంది. ఇసుక దాటింది. రాళ్ళ ఎక్కుడు దగ్గర ఇంజను మూలగడం మొదలుపెట్టింది. అంత ఎత్తు చక్రాన్ని, అంత బరువుతో, అంత ఏటవాలులో తిప్పడం దాని వల్ల కాలేదు. సగంలో ఆగి, వెనక్కి జారి, ఒక పక్కకు ఒరిగింది. డ్రమ్ములు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తెచ్చిన నీళ్ళన్నీ రాళ్ళ మీద పారాయి. ఆ నీళ్ళు ఇంకిపోతుంటే చూసి నూకాలు ఏడ్చింది. పైన ఎవరికోసం తెచ్చిందో వాళ్ళు కళ్ళ ముందు మెదిలారు.

మూడోసారి ఆమె ఎవరినీ అడగలేదు. నెమలే పిలిచి చెప్పాడు.

ఇక్కడ నెమలి గురించి ఒక మాట చెప్పాలి. ఒళ్ళంతా అందమే. కాళ్ళ ప్రస్తావన తెస్తే మాత్రం ముఖం మాడ్చుకుంటాడు. ఏనుగూ కొంగా తమకున్న కాళ్ళను బండికి పెట్టమన్నారు. నెమలి తనకు లేని కాళ్ళను పెట్టమన్నాడు.

"అసలే సొట్టల బండి. కాళ్ళయినా అందంగా ఉండొద్దా? వెండిలా మెరిసే చక్రాలుంటాయి. వాటికి సన్నటి రబ్బరు, కాటుక తీర్చినట్టు ఉంటుంది. అవి వేయించు. చూసినవాళ్ళు నిలబడిపోతారు," అన్నాడు.

చూసినవాళ్ళు నిలబడిపోయిన మాట నిజమే. కాకపోతే ముందు నిలబడిపోయింది బండి. సన్నటి టైర్లు ఇసుకలో కూరుకుపోయాయి. నూకాలు చేతులతో ఇసుక తవ్వి, చక్రాల కింద కొమ్మలు వేసి, ఎలాగో బయటపడింది. ఎక్కుడు మొదట్లోనే ఒక రాయి తగిలింది. రాయికీ చక్రానికీ మధ్య ఉన్న రబ్బరు వేలెడే. టంగుమని మోగి వెండి చక్రం పగిలింది. గాలి బుస్సుమంది.

నూకాలు ఆ రాయి మీదే కూలబడింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు. చెప్పినవాళ్ళంతా ఆమె మంచి కోరే చెప్పారు. విన్నది తను. దాహంతో ఉన్నది మాత్రం పైన దుప్పీ, కూనా.

బండిని ఎలాగో చిట్టయ్య కొట్టు దాకా ఈడ్చుకొచ్చి వదిలేసి, దాని సంగతి తరవాత చూసుకుందామనుకుంది. ఏట్లో ఒక కుండ నింపుకుని, నెత్తిన పెట్టుకుని, కాలినడకన బయలుదేరింది. బండి వచ్చాక ఆమె ఆ దారిలో బరువుతో నడవడం అదే మొదటిసారి.

ఇసుకలో కాలు పెట్టగానే కుండ బరువుకి మడమ దిగబడింది. వేళ్ళు విప్పుకుని పాదం పరిచి వేసింది. అప్పుడు నిలిచింది. ఎక్కుడులో రాళ్ళు గుచ్చుకున్నాయి. అరికాలు మందం కాబట్టి సరిపోయింది, లేకపోతే ఒక్క అడుగు కూడా పడేది కాదు. పెద్ద అంగలు వేస్తే జారింది. కాలి గోళ్ళతో నేలను పట్టుకుని చిన్న అడుగులు వేస్తే ఎక్కగలిగింది. మలుపులో బండరాయికి ఆనుకుని, మోచేతులు కూడా దగ్గరికి లాక్కుని, ఒళ్ళు ముడుచుకుని దాటింది.

నడుస్తుంటే ఆమెకు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ అందరి కాళ్ళూ చూసింది. దారిని మాత్రం చూడలేదు.

పైకి చేరేసరికి కుండలో సగం నీళ్ళున్నాయి. దుప్పి తను ముట్టకుండా ముందు కూనకు పట్టింది. తరవాత తను రెండు గుక్కలు తాగింది. మిగిలినవి పక్కనున్న కుందేళ్ళకు ఇచ్చింది. అందరికీ గొంతు తడిసింది, అంతే.

"రేపు మధ్యాహ్నం దాకా చూస్తానక్కా. ఆపైన నా పాలు నిలవవు. నువ్వు రాకపోతే దిగిపోతాను," అంది దుప్పి.

ఈసారి నూకాలు మాట ఇవ్వలేదు. తల ఊపి, పరుగున దిగింది.

కొట్టు దగ్గర చిట్టయ్య పగిలిన వెండి చక్రం చూసి తల గోక్కున్నాడు. "ఈసారి ఎలాంటివి కావాలమ్మా?" అన్నాడు.

"ఎలాంటివో నాకు తెలియదు. నా పనేమిటో చెబుతాను, విను. నిండు డ్రమ్ములు ఆరు. మొదట ఇసుక. తరవాత పదునైన రాళ్ళ ఎక్కుడు. ఆ తరవాత ఇరుకు మలుపు. అక్కడ చక్రం ఒళ్ళు దాటి బయటికి రాకూడదు. ఎక్కుడులో ఎత్తు వద్దు, పట్టు కావాలి. రాయి తగిలితే ఓర్చుకునే మందం కావాలి. అందం నాకు అక్కర్లేదు."

చిట్టయ్య పగిలిన చక్రాన్ని పక్కన పెట్టాడు. తరవాత మెల్లగా అన్నాడు.

"నా కొట్టుకి వచ్చినవాళ్ళు ఇది ఇవ్వు అన్నారే కానీ, నా పని ఇదీ అని ఎవరూ చెప్పలేదమ్మా. నేనూ అడగలేదు. ఏనుగుగారు చెప్పారన్నాక కాదనడానికి నేనెవరినని ఊరుకున్నాను. ఆ రోజే ఒక్క మాట అడిగి ఉంటే నీకు ఇంత తిప్పలు ఉండేది కాదు."

"ఇప్పుడు అడుగు."

చిట్టయ్య అడిగాడు. బండి కింద దూరి కొలిచాడు కూడా. ఆపైన కొట్టు వెనక్కి వెళ్ళి నల్లటి ఇనుప చక్రాలు దొర్లించుకుంటూ వచ్చాడు. బండి పుట్టినప్పుడు దానికి ఉన్న కొలతే. వెడల్పు ఎక్కువ లేదు, తక్కువ లేదు. టైరు పక్కలు దళసరి, గాట్లు లోతు. నూకాలు గోడకు ఆనించి ఉన్న మరో జత చూపించి, "అవి ఇంకా కొత్తగా ఉన్నాయే," అంది.

పాత చిట్టయ్య అయితే అవే బిగించేవాడు. ఈసారి మాత్రం వాటిని వంచి చూపించాడు. రబ్బరు పక్కల్లో సన్నటి పగుళ్ళు విచ్చుకున్నాయి.

"ఇవి ఒక్క అడుగు కూడా తిరగలేదు, కానీ ఏళ్ళ తరబడి ఎండలో పడి ఎండిపోయాయి. చూపుకే కొత్త. బరువు పడితే విచ్చిపోతాయి. ఇవి నీకివ్వను," అన్నాడు.

అలా అనగలిగినందుకు వాడికే ఆశ్చర్యం వేసింది. తెల్లారేసరికి నాలుగు చక్రాలూ బిగించి, అదే కొలతది ఇంకొకటి స్టెప్నీగా వెనక కట్టాడు. "ఇసుక దగ్గర కాస్త గాలి తీసి దాటు. దాటాక మళ్ళీ కొట్టుకో," అని చేతి పంపు కూడా ఇచ్చాడు.

నూకాలు డ్రమ్ములు నింపుకుని బయలుదేరింది. ఇసుక దగ్గర గాలి తీసింది. టైరు కాస్త పరుచుకుని ఇసుక మీద తేలినట్టు పోయింది. ఒడ్డున ఆగి మళ్ళీ గాలి కొట్టుకుంది. చేతులు పడిపోయాయి, అయినా కొట్టింది. అప్పటికే ఎండ నడినెత్తికి వస్తోంది. రాళ్ళ ఎక్కుడు వచ్చింది. రాయి తగిలిన ప్రతిసారీ నూకాలు కళ్ళు మూసుకోబోయింది. టైరు అదిరింది కానీ పగల్లేదు. ఇంజను మూలగలేదు. మామూలుగా గుర్రుమంటూ ఎక్కింది.

మలుపు దగ్గర ఊపిరి బిగపట్టి స్టీరింగు తిప్పింది. చక్రం తిరిగింది. ఏదీ తగల్లేదు. బండి ముక్కు లోయను వదిలి దారికేసి తిరిగింది.

అక్కడే, మలుపు అవతల, దుప్పి నిలబడి ఉంది.

కాళ్ళ మధ్య కూనను పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, ఆమె అప్పటికే రేవు దారి పట్టింది. మధ్యాహ్నం దాకా ఆగలేకపోయింది. నూకాలు బ్రేకు వేసి తలుపు తాడు విప్పి దిగింది.

"వచ్చావా అక్కా," అంది దుప్పి. అంతే, దారి మధ్యలోనే కూర్చుండిపోయింది. భయం అన్నాళ్ళూ నిలబెట్టింది, అది వదిలేసరికి ఒళ్ళు వదిలేసింది. నూకాలు డ్రమ్ము మూత తీసి, బొక్కెన ముంచి, ఆమె ముందు పెట్టింది. దుప్పి తాగింది. ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ తాగింది. కూన బొక్కెనలో మూతి పెట్టి తుమ్మింది. అది చూసి ఇద్దరూ నవ్వారు, నవ్వుతూనే ఇద్దరికీ కళ్ళ నీళ్ళొచ్చాయి.

ఆ రోజు కొండ మీద అందరూ కడుపునిండా నీళ్ళు తాగారు. ఆ వేసవంతా బండి తిరిగింది. రేవులో మొసలికి చేపలే గతి అయ్యాయి.

ఏనుగూ, కొంగా, నెమలీ ఒక సాయంత్రం బండిని చూడ్డానికి వచ్చారు. చుట్టూ తిరిగి చూశారు.

"నేను చెప్పినంత వెడల్పు లేవు కానీ, పరవాలేదు," అన్నాడు ఏనుగు.

"ఇంకాస్త ఎత్తు ఉంటే బాగుండేది," అన్నాడు కొంగ.

"రంగైనా వేయించకూడదూ," అన్నాడు నెమలి.

నూకాలు వాళ్ళకు ఎదురు చెప్పలేదు. ముగ్గురికీ తలా కాసిని చల్లటి నీళ్ళు ఇచ్చి, మళ్ళీ ఏటి వైపు బండి తిప్పింది. చెప్పడానికి నిజంగా ఏమీ మిగల్లేదు, మోయడానికి ఇంకా నీళ్ళున్నాయి.

కాబట్టి పిల్లలూ, సలహా చెప్పేవాళ్ళు తమ కాళ్ళు చూసుకుని చెబుతారు. మన బరువెంతో, మన దారి ఏమిటో మనమే నడిచి తెలుసుకుని ఎంచుకున్నదే మనల్ని గట్టెక్కిస్తుంది.