సగం గూడు, గంపెడు కొర్రలు

అనగనగా ఒక వాగు ఒడ్డున, ఈతమట్ట చివర, ఒక సగం ఇల్లు వేలాడుతూ ఉండేది.

అది పసిడికంఠుడనే గిజిగాడిది. పై గది అల్లడం అయిపోయింది. అందులో అతని ఆలు మంజరి గుడ్ల మీద కూర్చుంది. ఇక మిగిలింది గొట్టంలా కిందికి దిగే వాకిలి. అది లేకపోతే వానజల్లు తిన్నగా గుడ్ల మీదే పడుతుంది. దానికోసం పసిడికంఠుడు ఈతనారలు చీల్చి కట్టగా దాచాడు.

"తొలివానకు ముందే అల్లేస్తావుగా?" అంది మంజరి.

"మబ్బు కనిపించనీ, నా ముక్కు వేగం చూద్దువుగాని."

"సరేలే. ముందు ఒక్క కొర్రకంకి తెచ్చిపెట్టు. ఆకలేస్తోంది."

చేనికి వెళ్ళే దారిలో స్థూలోదరుడనే పందికొక్కు కొత్తగా గిడ్డంగి తెరిచింది. లోపల సరుకు కొండలా ఉంది. ఒక్క కంకి అనగానే అది మీసాలు దువ్వుకుంది.

"విడిగా అమ్మం బావా. గంప తీసుకో, చవగ్గా పడుతుంది. నారలిస్తే చాలు. కాకపోతే ముందు ఒక ఈక ఇచ్చి మా సభ్యుడివి కావాలి."

పసిడికంఠుడు తలమీది పసుపు ఈక పీకి ఇచ్చాడు. ఒకనాడు మంజరి మనసు పడింది ఆ ఈకను చూసే. గంపను చూడగానే అతనికి కళ్ళముందు కల కదిలింది. పిల్లలు పుడతారు, కడుపునిండా తింటారు, మంజరి రాణిలా కూర్చుంటుంది. నారలు కొన్ని ఇచ్చేసి, ఆయాసపడుతూ గంప మోసుకొచ్చాడు.

"ఒక్క కంకేగా అడిగాను" అంది మంజరి. తర్వాత అతని తలకేసి చూసింది. "ఈకేదీ?"

"మళ్ళీ మొలుస్తుందిలే."

మర్నాడు గుడ్ల కింద పరచడానికి ఆమె చిటికెడు దూది అడిగింది. 'ఈక ఇచ్చాక వెళ్ళకపోతే దండగ కదా' అనుకుని అతను గిడ్డంగికే వెళ్ళాడు. చిటికెడు దొరకలేదు, మూట వచ్చింది. ఇంకొన్ని నారలు పోయాయి.

మూడోసారి ఆమె గూటి లోపలి మట్టిముద్దకు అతికించి దీపంగా పెట్టుకోవడానికి ఒక్క మిణుగురును అడిగింది. అతను సొరబుర్ర నిండా మిణుగురులు తెచ్చాడు. కట్టలో ఆఖరి నార కూడా అయిపోయింది.

ఆ సాయంత్రం కొండమీద మబ్బు పట్టింది. తెచ్చిన సరుకు బరువుకు ఈతమట్ట కిర్రుమంటూ వంగింది. గుడ్లు ఒక పక్కకు దొర్లాయి. మంజరి రెక్కలు చాచి వాటిని ఆపుకుంది.

"వాకిలి అల్లు. నారలేవి?"

కాకి ఎత్తుకుపోయిందని చెబుదామనుకున్నాడు. ఆమె కళ్ళలోకి చూశాక ఆ మాట రాలేదు.

"లేవు మంజరీ. చవక చవక అంటూ అన్నీ ఇచ్చేశాను."

పరుగున గిడ్డంగికి వెళ్ళాడు. "అమ్మింది వెనక్కి తీసుకోం బావా. కావాలంటే ఇంకో గంప పట్టుకెళ్ళు" అంది పందికొక్కు.

తల వేలాడేసుకుని వచ్చిన భర్తకు మంజరి ముక్కుతో కిందికి చూపించింది. "కింద పొదలో జీనువాయి పిట్టలున్నాయి. వాళ్ళ దగ్గర పచ్చగడ్డి ఉంది, గింజలు లేవు. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పు" అంది.

అతను చెప్పాడు. ముసలి జీనువాయి కిచకిచ నవ్వింది. "కొత్త కాపురం కదూ అబ్బాయీ. ఇంటికి వాకిలి లేదుగానీ గాదె మాత్రం నిండిందన్నమాట."

నవ్వుతూనే అవి గడ్డిపోచలు తెచ్చాయి, కొర్రలూ దూదీ పట్టుకెళ్ళాయి. మట్ట మెల్లగా పైకి లేచింది. మబ్బు చీకట్లో పోచలు కనిపించకపోతే మంజరి సొరబుర్ర మూత తీసింది. మిణుగురులు చెట్టంతా ముసిరి వెలిగాయి. ఆ వెలుగులో పసిడికంఠుడు వాకిలి అల్లాడు. ఆఖరి ముడి పడేసరికి తొలి చినుకు రాలింది.

గుడ్లు తడవలేదు. తెల్లారేసరికి మిణుగురులన్నీ ఎగిరిపోయినా, ఒక్కటి మాత్రం తనంతట తానే మట్టిముద్ద మీద వాలి ఉంది.

కొన్నాళ్ళకు పసుపు ఈక మళ్ళీ మొలిచింది. పందికొక్కు గట్టుమీదికొచ్చి పిలిచింది. "బావా, ఈసారి గంపకు గంప ఉచితం."

"ఒక్క కంకి ఇస్తావా?"

"ఒక్కటి అమ్మను."

"అయితే మా ఆవిడ ఎదురుచూస్తోంది, వస్తాను" అంటూ పసిడికంఠుడు చేనివైపు ఎగిరిపోయాడు.

ఎంత చవగ్గా వచ్చినా సరే, అవసరానికి మించి కొన్నది ఇంటికి బరువే.