కుక్కుటేశ్వరం గొడుగు

తాండవ నది ఒడ్డున ఆశ్రమంలో విమలబోధస్వామి ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాం" అంటారు. కాషాయం కట్టకముందు ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. బల్లమీద కప్ప లేనిదే పాఠం మొదలుపెట్టని మనిషి. కప్పలు పోయాయి గాని అలవాటు పోలేదు.

"ఒకే గది, ఒకే గాలి. నాకే ఎందుకు, స్వామీ?" అన్నాడు శిష్యుడు కుక్కుటేశ్వరం.

అతనికి క్షయ వచ్చింది. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, ఏకాదశినాడు ఉమ్మి మింగాలన్నా సందేహించే నిష్ఠ అతనిది. పక్క చాపమీద పడుకునే అప్పలనాయుడు చుట్ట కాలుస్తాడు, బజారు బజ్జీలు తింటాడు, ఎండ మొహాన పడితే అటు తిరిగి పడుకుంటాడు. డాక్టరు ఇద్దరినీ పరీక్షించి, క్రిమి ఇద్దరిలోనూ దూరిందనీ, నాయుడి ఒంట్లో మాత్రం నోరు మూసుకుని పడి ఉందనీ తేల్చాడు. మందు మధ్యలో ఆపితే ప్రాణం మీదికొస్తుందని కుక్కుటేశ్వరాన్ని హెచ్చరించాడు కూడా.

"ఇది పూర్వజన్మ పాపం, స్వామీ. అనుభవించే కడుక్కోవాలి. అందుకే మాత్రలు అటకెక్కించాను. సుఖమెందుకని గొడుగు కూడా."

"చూద్దాం" అన్నారు స్వామి.

ఆ ఉదయమే ఆశ్రమానికి బియ్యం పంపే బంగారమ్మగారు కాశీ ప్రయాణమై, దీవెనకోసం వచ్చారు. తునిలో రైలెక్కాలి. ఆవిడ కారులో కాలు పెట్టబోతుండగా స్వామి కుక్కుటేశ్వరాన్ని పిలిచి, చీకటి కొట్లోంచి విభూతి పొట్లం తెమ్మన్నారు. అతను ఎండలోకి వచ్చాడో లేదో, హాచ్! ఆవిడ కాలు వెనక్కి తీసుకుని, అరుగుమీద కూర్చుని మంచినీళ్లు తాగారు. లేచేసరికి స్వామికి కుంకుమ గుర్తొచ్చింది. మళ్లీ కొట్లోకి, మళ్లీ ఎండలోకి. మళ్లీ హాచ్!

"రెండు కలిపైనా తుమ్మి చావవేంరా, శుభమనుకుని పోదును!" అని కళ్లజోడు సవరించుకున్నారు ఆవిడ. "ఉండు, నువ్వు పిఠాపురం పంచాంగంవారి మనవడివి కదూ? మీ తాత ఇలాగే గుమ్మం దిగి తుమ్మితే నా పెళ్లి పల్లకి వీధి మలుపులో ఆగిపోయింది. మీ నాన్న తుమ్మితే మా తమ్ముడి గృహప్రవేశం ఆగింది. ముహూర్తం పెట్టేదీ మీరే, తుమ్మి చెడగొట్టేదీ మీరే!"

స్వామి ఈసారి అప్పలనాయుణ్ణి కొట్లోకి పంపి పిలిచారు. అతను బయటికొచ్చి, సూర్యుడివంక చూసి ఆవలించాడు.

"తుమ్ము రాకుండా ఏం సాధన చేశావు నాయనా?"

"నానేటి సేసినాను సామీ? తొంగున్నాను."

స్వామి ఇటు తిరిగారు. "మరి నీ తుమ్ము ఏ పాపఫలం?"

కుక్కుటేశ్వరానికి రోషం వచ్చింది. "పాపమేమిటి స్వామీ! అది మా వంశంలోనే ఉంది. కళ్లలో వెలుగు పడితే వస్తుంది. గొడుగుంటే రాదు."

"ఒంట్లో క్రిమిని పట్టే కాపలావాళ్లను కూడా అలాగే తాతముత్తాతలే ఇచ్చి పంపుతారు" అన్నారు స్వామి. " అందరికీ ఒక్క తీరువాళ్లు దొరకరు. చాలీచాలని తిండీ, ఇరుకు గదీ కూడా కారణాలేననుకో. ఇంతకీ గొడుగెక్కడ?"

"అటకమీద."

"మరి మాత్రలు?"

కుక్కుటేశ్వరం అటకవైపే చూశాడు.

"రైలు పోతోంది స్వామీ!" అన్నారు బంగారమ్మగారు.

"నిచ్చెన ఎలాగూ వేస్తావు, రెండూ దించు నాయనా" అన్నారు స్వామి. "ముందు గొడుగు. ఆవిణ్ణి కాశీ వెళ్లనీ."