కూకోమ్మ తల్లి నిలుచున్న చోటు

చింతగెడ్డ గ్రామానికి తూర్పున చిన్న ఏరు ఉంది. ఇక్కడివారు ఏరుని గెడ్డ అంటారు. అది దాటగానే ఇసుక మైదానం. బస్సు దిగిన చోటు నుంచి పావుగంట నడక. వానాకాలంలో గెడ్డ పొంగితే ఆ రోజుకి దర్శనం లేనట్టే.

మైదానం నడుమ చెడుగుడు బరి, దానికి పడమట చూసేవాళ్ళు కూర్చునే ఇసుక గట్టు ఉన్నాయి. ఆ గట్టు మీద మొదటి వరుసలో, జనం మధ్యనే అమ్మవారు వెలసి ఉన్నారు. గోపురం లేదు, తలుపు లేదు. నాలుగు రాతి స్తంభాలు, పైన రేకు. లోపల మనిషి ఎత్తు నల్లరాయి. దాని మొహం ఊరి వైపు కాదు, బరి వైపు.

కొత్తగా వచ్చిన భక్తులు మొదట అడిగేది ఒకటే. రాయి నిలబడి ఉంది, పేరేమో కూకోమ్మ. కూకో అంటే కూర్చోమని. నిలుచున్న తల్లికి ఆ పేరెందుకు వచ్చింది? ఇక్కడ పసుపు కుంకుమ అందించేది గౌరీసు వంశం వారు. కథ వినని వారికి వారు బొట్టు పెట్టరు. చెప్పేటప్పుడు తమ తాత గౌరీసుని వెనకేసుకు రారు కూడా.

పూర్వం ఇక్కడ మాఘ పౌర్ణమి తీర్థం నాడు చింతగెడ్డకి, గెడ్డ అవతలి ఉప్పలవలసకి చెడుగుడు పోటీ జరిగేది. రెండూళ్ళ మధ్యా పెళ్ళి సంబంధాలు ఉండేవి. ఆ ఒక్కరోజు మాత్రం వియ్యంకులు కూడా పలకరించుకునేవారు కారు.

చింతగెడ్డలో సన్యాసమ్మ అనే ఆమె ఉండేది. పెనిమిటి పోయాక కూలి చేసి ఒక్క కొడుకుని పెంచింది. కొడుకు పేరు పారినాయుడు. వాడు ఆటలోకి రాకముందు నుంచే సన్యాసమ్మకి చెడుగుడు అంటే ప్రాణం. నాట్ల రోజుల్లో కూడా ఆట ఉందంటే కూలికి పోయేది కాదు. ఆటగాళ్ళు రాకముందే గోనె పట్టుకుని వచ్చి, గట్టు మీద మొదటి వరుసలో పరుచుకుని కూర్చునేది. ఆ చోటు ఆమెదే. మునసబు భార్య వచ్చినా జరిగేది కాదు.

ఆమె నోటికి అవతలి ఊరివాళ్ళు జంకేవారు. గీత దగ్గరే తచ్చాడే ఆటగాణ్ణి చూసి, "ఏటి బాబూ, పెళ్ళిచూపులకొచ్చినావా? అక్కడే నిలబడిపోనావు. లోపలికి రా, మా కుర్రగుంటలు కరవరు" అనేది. గట్టంతా నవ్వేది. ఆ నవ్వులో ఆటగాడి కాలు తడబడేది. చింతగెడ్డకి అది ఒక పాయింటు కిందే లెక్క.

గట్టు మీద ఎవరైనా లేచి నిలబడితే మాత్రం ఊరుకునేది కాదు. "కూకో" అనేది. ఒక్క మాటే. వినకపోతే పంచె పట్టి లాగేది. ఒక ఏడు రవణమ్మ అనే ఆమె కొడుక్కి బరిలో మణికట్టు తిరిగింది. వాడు చెయ్యి పట్టుకుని అరుస్తుంటే రవణమ్మ లేచింది. సన్యాసమ్మ పక్క నుంచి, "కూకో అప్పా. ఆటన్నాక సెయ్యీ కాలూ తగలకుండా ఉంటాయా? నీ గుంటడు గాజుబుడ్డి కాడు కదా" అంది. జనం నవ్వారు. రవణమ్మ కూర్చుంది. అప్పటి నుంచి గట్టు మీద ఎవరు లేచినా జనమంతా ఒక్క గొంతుతో "కూకో" అనడం అలవాటైంది.

చింతగెడ్డ జనానికి మరో అలవాటు కూడా ఆమె నేర్పిందే. చెడుగుడు ఆడేవాడు ఒక్క ఊపిరితో కూత పెడుతూ అవతలి వారి బరిలోకి పోవాలి. పట్టుకుంటే, కూత ఆగకుండా నడిగీతని తాకాలి. కూత ఆగితే వాడు పోయినట్టే. తమవాడు పట్టులో చిక్కినప్పుడు గట్టు మీద జనం కూడా వాడితో కలిసి "చెడుగుడు గుడు గుడు" అని కూత అందుకునేవారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఊపిరి పొయ్యడం. "ఊపిరి పొయ్యండర్రా" అని సన్యాసమ్మ చెయ్యెత్తితే నాలుగు వందల గొంతులు లేచేవి. ఉప్పలవలసవాళ్ళు అన్యాయమని గోల పెట్టేవారు. అభిమానానికి అడ్డేమిటని చింతగెడ్డవాళ్ళు కొట్టిపారేసేవారు.

పారినాయుడికి ఇరవై రెండో ఏడు. ఆ ఏటి పోటీకి తీర్పరి కామేశం పంతులు. పొద్దు వాలే వేళకి రెండూళ్ళూ సమానంగా ఉన్నాయి. మిగిలింది ఒక్క కూత. ఆ కూతకి పారినాయుడు వెళ్ళాడు.

వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఇద్దరిని తాకాడు. వెనక్కి తిరిగాడు. గీతకి మూరెడు దూరంలో ఒకడు కాలు పట్టాడు. ఇంకొకడు నడుము పట్టాడు. తరువాత అవతలి జట్టు ఏడుగురూ మీద పడ్డారు. కింద పారినాయుడి కుడిచెయ్యి ఒక్కటే బయటికి కనిపిస్తోంది. వేళ్ళు ఇసుకని గీరుతూ గీత వైపు జరుగుతున్నాయి.

సన్యాసమ్మ చెయ్యెత్తింది. జనం ఊపిరి పొయ్యడం మొదలుపెట్టారు.

వాడి కూత ఆమెకి కొట్టిన పిండి. నాలుగు వందల గొంతుల్లోనూ అది వేరుగా వినిపించేది. చివర 'డు'ని కాస్త సాగదీసేవాడు. ఆ సాగదీత ముందు కురచ అయింది. తరువాత మాట పోయి ఒట్టి శబ్దం మిగిలింది. తరువాత ఆ శబ్దం కూడా లేదు.

ఆమె లేచి నిలబడింది. నోట్లో కూత ఆగిపోయింది. జనం కూత ఆగలేదు.

"కూకో అమ్మా" అన్నారు వెనక నుంచి. ఎవరు లేచింది వాళ్ళు చూడలేదు. లేచినవాళ్ళని కూర్చోమనడం అలవాటు, అంతే.

ఆమె వెనకనే గౌరీసు అనే కుర్రవాడు ఉన్నాడు. పారినాయుడి ఈడువాడు, వరసకి ఆమెకి కొడుకే. "కూకో పిన్నీ, ఏటీ కనపడ్డం నేదు" అన్నాడు.

"కూత ఆగిపోనాది" అంది సన్యాసమ్మ.

గౌరీసు అటూ ఇటూ చూశాడు. తీర్పరి చెవిన ఆ మాట పడలేదు కదా అని చూశాడు. ఆమె చెవి దగ్గరికి వంగి, "అనీకు. ఆగిందంటే ఓడిపోతాం. కూకో" అన్నాడు.

సన్యాసమ్మ బరి వైపు చూసింది. కొడుకు వేళ్ళకీ గీతకీ మధ్య బెత్తెడు దూరం ఉంది. ఆటలో కూత ఆగడానికి ఎన్ని కారణాలు ఉండవు? వాడు గుక్క తిప్పుకుంటున్నాడేమో. పెదవులు మూసుకుని లోపలే అంటున్నాడేమో. ఆగిందని ఆమె అరిస్తే చింతగెడ్డ ఓడుతుంది. సొంత కొడుకుని సొంత తల్లే ఓడించిందని ఉప్పలవలసవాళ్ళు తరతరాలు చెప్పుకుంటారు.

ఆమె కూర్చుంది.

కూర్చుని, జనంతో కలిసి మళ్ళీ కూత అందుకుంది.

పైనున్న ఏడుగురూ అటూ ఇటూ దొర్లారు. ఆ దొర్లడంలో కింది చెయ్యి జరిగి గీత మీద పడింది. చెవులు చిల్లులు పడేలా కూత వినిపిస్తూనే ఉంది. ఎవరిదని కామేశం పంతులు పోల్చగలడు? చెయ్యెత్తి చింతగెడ్డ గెలిచిందన్నాడు.

జనం బరిలోకి దూకారు. పారినాయుణ్ణి పైకి లేపి భుజాల మీద పెట్టుకున్నారు. తల వాలిపోతుంటే అలిసిపోయాడనుకున్నారు. ఒకడు వాడి నెత్తిన నీళ్ళు పోశాడు. ఒకడు మెడలో బంతిపూల దండ వేశాడు. డప్పులు మొదలయ్యాయి. బరి చుట్టూ సగం తిప్పారు. గట్టు దగ్గరికి వచ్చేసరికి వాడి చెయ్యి ఊగుతూ సన్యాసమ్మ మొహానికి ఎదురుగా వచ్చింది. గోళ్ళ నిండా ఇసుక. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"దింపండి" అంది.

డప్పుల్లో ఎవరికీ వినపడలేదు. రెండోసారి కూడా అంది.

మూడోనాడు, వల్లకాట్లో కొడుక్కి పాలు పోసి వచ్చాక, సన్యాసమ్మ మైదానానికి వచ్చి తన చోట నిలబడింది. గోనె తేలేదు. బరి వైపు చూస్తూ నిలబడింది. పొద్దు గూకినా కదలలేదు. ఆడవాళ్ళు అంబలి తెచ్చారు. ముట్టలేదు. రవణమ్మ వచ్చి కాసేపు పక్కన నిలబడి వెళ్ళిపోయింది. గౌరీసు వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "కూకో పిన్నీ, కాళ్ళు వాచిపోనాయి" అని ఏడ్చాడు. ఆమె వాడి వైపు తిరగలేదు.

పదకొండో నాటి ఉదయం అక్కడ ఆమె లేదు. ఆ చోట ఈ నల్లరాయి ఉంది. రాయి అయిందని కొందరు, గెడ్డలో కలిసిపోయిందని కొందరు అంటారు. గౌరీసు వంశం వారు ఏదీ తేల్చి చెప్పరు.

మరుసటి మాఘ పౌర్ణమికి రెండూళ్ళూ బరిలో దిగాయి. ఊరి పరువు కదా, మానలేదు. మొదటి కూతకి వెళ్ళినవాడికి గొంతు పెగల్లేదు. రెండోవాడికీ అంతే. ఉప్పలవలసవాడూ నడిగీత దగ్గర నోరు తెరిచి ఊరికే నిలబడిపోయాడు. ఇంటికి పోయాక అందరికీ మాట బాగానే వచ్చింది. బరిలో మాత్రం కూత పుట్టలేదు. ఇలా మూడేళ్ళు గడిచాయి.

నాలుగో ఏడు గౌరీసుకి కల వచ్చింది. కలలో సన్యాసమ్మ గట్టు మీద నిలబడి ఉంది. గౌరీసు, "తప్పయిపోనాది పిన్నీ. ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

"నువ్వన్నావు. నాను కూకున్నాను" అంది ఆమె. "నీకు ఓడిపోవాలని నేదు. నాకూ నేదు. వాడి తల్లిని నాను, నువ్వు కావు. నిన్నేటీ అనను."

క్షమించానని మాత్రం అనలేదు. గౌరీసు బతికినంత కాలం ఆ మాట కోసం ఎదురుచూశాడని చెబుతారు. మళ్ళీ కల రాలేదు.

ఆ కలలోనే ఆమె రెండు ఆనలు పెట్టింది. బరిలో కూత నడుస్తున్నంత సేపు చూసేవారి నోరు కదలకూడదు. ఎవరి ఊపిరి వాళ్ళదే, పక్కవాళ్ళు పొయ్యలేరు. రెండోది, గట్టు మీద ఏ ఆడమనిషి లేచి నిలబడినా ఆట ఆగాలి. ఎందుకు లేచావని అడగకూడదు. కూకోమని అనకూడదు.

మరి నీ పేరేమని పిలవాలని గౌరీసు అడిగాడు. "నన్ను జనం ఆఖర్న ఏటని పిలిచినారో అదే పిలవండి" అంది తల్లి.

ఆ విధంగా ఇక్కడ అమ్మవారికి కూకోమ్మ అని పేరు స్థిరపడింది. ఆ ఏటి నుంచి బరిలో మళ్ళీ కూత పుట్టింది.

నేటికీ మాఘ పౌర్ణమికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేలమంది వస్తారు. ఆటగాడు కూతకి వెళ్ళగానే గట్టంతా సద్దుమణుగుతుంది. వాడి కూత, ఇసుకలో కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. వాడు తిరిగి వచ్చాక ఎంత అరిచినా దోషం లేదు. వాడు రాకముందు అరిచినవాణ్ణి పక్కవాళ్ళే బయటికి పంపిస్తారు. ఈ రోజుల్లో ఆటగాళ్ళ జెర్సీలు వేసుకుని, మొహాలకి రంగులు పూసుకుని పట్నం నుంచి వచ్చేవాళ్ళకి ఇది మొదట నచ్చదు. అరవని ఆటేమిటని గొణుగుతారు. అరగంటకి వాళ్ళూ చెవులు రిక్కిస్తారు.

రెండో ఆనని దుర్వినియోగం చేసేవారూ ఉన్నారు. తమ ఊరు ఓడిపోతున్నప్పుడు కావాలని లేచే ఆడవాళ్ళు ఉన్నారు. మగవాళ్ళే పక్కనున్న భార్యని మోచేత్తో పొడిచి లేపడం కూడా చూశాం. అయినా ఆట ఆపుతారు. అబద్ధానికి లేచారని తేల్చే అధికారం ఇక్కడ ఎవరికీ లేదు.

ఇక్కడ గెలుపు కోసం కొబ్బరికాయ కొట్టరు. తెచ్చినా వెనక్కి ఇచ్చేస్తారు. తల్లులు పసుపు మాత్రం రాస్తారు, నిలబడే రాస్తారు.

మొన్నటి తీర్థంలో ఉప్పలవలస నుంచి వచ్చిన బోడెమ్మ అనే ఆమె, కొడుకు పట్టులో ఉండగా లేచి నిలబడింది. ఆట ఆగింది. పైనున్నవాళ్ళు లేచారు. కొడుకు ఇసుక దులుపుకుంటూ లేచాడు. వాడికి ఏమీ కాలేదు. గీత ఇంకో రెండు వేళ్ళ దూరంలో ఉంది.

"ఏటమ్మా ఇది, నలుగుర్లో పరువు తీసీసినావు" అన్నాడు అక్కడి నుంచే.

"పోనీ" అంది బోడెమ్మ.

ఉప్పలవలస ఒక్క పాయింటుతో ఓడింది. ఊరివాళ్ళు ఆమెతో తిరుగు బండిలో కూడా మాట్లాడలేదట. కొడుకు మూడు రోజులు పలకలేదట. ఆ మూడు రోజులూ అన్నం మాత్రం ఇంట్లోనే తిన్నాడు.

కూకోమ్మ తల్లి ఇచ్చే ఫలం అదే.