నూకాలు దాటని ఏరు

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఒక ఊరు. ఎప్పటి మాట అని అడక్కండి. మా తాతని అడిగితే వాళ్ళ తాత చెప్పాడన్నాడు. ఆ తాతని అడుగుదామంటే ఆయన లేడు. ఏరు మాత్రం ఉంది.

ఆ ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. విస్తళ్ళు కుట్టడం ఆవిడ పని. కొండ మీద అడ్డతీగ ఉంటుంది చూడండి, చేటంత వెడల్పు ఆకు. మొగుడు సింహాద్రి ఆ ఆకు కోసుకొచ్చేవాడు. నూకాలు గుమ్మంలో కూర్చుని, చీపురుపుల్లని సన్నగా చీల్చి, ఆకు మీద ఆకు పేర్చి కుట్టేది. ఆవిడ కుట్టిన విస్తట్లో చారు పోస్తే చుక్క కిందికి దిగేది కాదు.

ఆ ఊరికి ఒక పట్టింపు ఉంది. ఎండాకు విస్తట్లో దినం భోజనమే పెడతారు. శుభానికి పచ్చాకు కావాలి. పచ్చాకు నిలవుంటే వాడిపోతుంది. అంచేత ముందే కుట్టి దాచడానికి లేదు. పెళ్ళంటే ముందురోజే కుట్టాలి. బారసాలంటే ముందురోజే కుట్టాలి. కొత్తింట్లో పాలు పొంగించాలంటే ముందురోజే కుట్టాలి. కుట్టేది నూకాలొక్కతే.

"మేమూ ఓ చెయ్యి వేద్దుమే గానీ, నీ చేతి వాటం మాకెక్కడొస్తుంది తల్లీ" అనేవారు ఆడవాళ్ళు.

ఆ మాట వింటే నూకాలుకి కడుపు నిండిపోయేది. అక్కడే పొరపాటు జరిగింది. వాళ్ళదీ, ఆవిడదీ కూడా.

మరి నూకాలుకి కోరికలు లేవా? ఎందుకుండవు, మూడు ఉన్నాయి. పనిలో పడి మరిచిపోతానేమోనని కొంగు చివర ఒక్కో కోరికకి ఒక్కో ముడి వేసుకుంది. కొంగు చిరిగితే కొత్త కోకకి మళ్ళీ వేసుకునేది.

మొదటి ముడి గాజులకి. ఆకు కుట్టే చేతికి గాజులు నిలవవు, పుల్ల తగిలి చిట్లుతాయి. చేతికొక్క గాజుతో సరిపెట్టుకునేది. మోచేతి దాకా ఎర్రగాజులు వేసుకుని, ఒక్క రోజు పనిలేకుండా చేతులూపుకుంటూ తిరగాలని ఆవిడ కోరిక.

రెండో ముడి భోజనానికి. తను కుట్టిన విస్తట్లో, మొదటి బంతిలో కూర్చుని, పక్కన నలుగురూ ఉండగా, వేడివేడి బూరె ఎవరైనా వడ్డిస్తే తినాలని.

మూడో ముడి చెల్లెలు పైడమ్మకి. తల్లి పోయాక నూకాలే తల దువ్వి, జడ వేసి పెంచిన పిల్ల. ఏటవతలి ఊరికిచ్చారు. అక్కడికి వెళ్ళి, చెల్లెలి చేతి అన్నం తిని, ఒకే చాప మీద పడుకుని కబుర్లు చెప్పుకోవాలని. అన్నిట్లోకీ బిగువైన ముడి అదే.

మొదటి ముడి కథ వినండి. ఏటేటా గాజులాయన గాజులు గుచ్చిన మలారం భుజాన వేసుకుని వచ్చేవాడు.

"ఏం నూకాలమ్మా, ఈ ఏడైనా చెయ్యి చాపుతావా?"

"ఈ పెళ్ళి కానీ బాబూ, అప్పుడు చూద్దాం."

"నిరుడూ అదే మాట. ఇలా అయితే నా గాజులు నీ మనవరాలికే."

"ముందు నాకో కూతుర్ని పుట్టనీ. మనవరాలి దాకా ఎందుకు పరుగు?" అని నవ్వేది.

ఒక ఏడు సింహాద్రి కొండ మీద ఆకు కోస్తూ ఉంటే పాము కరిచింది. ఆకు కట్ట ఇంటికొచ్చింది గానీ మనిషి రాలేదు. ఆ తరవాత గాజులాయన వచ్చాడు. నూకాలు గుమ్మం ముందు నిలబడ్డాడు. పిలుద్దామని నోరు తెరిచి, మలారం అటు భుజం మీదికి మార్చుకుని, చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

నూకాలు మొదటి ముడి విప్పేసుకుంది.

ఇక రెండో ముడి. ఊరి పెద్ద సన్నాసినాయుడు. అతని పెద్దకూతురి పెళ్ళిలో నాయుడి పెళ్ళాం నూకాలు చెయ్యి పట్టి లాగింది. "రా నూకాలూ, ఇవాళ నువ్వు మొదటి బంతిలో కూర్చోవాల్సిందే!" అంది. నూకాలు కూర్చుంది. విస్తరి మీద నీళ్ళు చల్లుకుంది. బూరె పడింది. నెయ్యి పడింది. ఇంతలో మగపెళ్ళివారి చుట్టం ఒకాయన ఆలస్యంగా వచ్చి నిలబడ్డాడు. చూస్తే విస్తరి ఒక్కటి తక్కువైంది.

అందరూ నూకాలు వైపు చూశారు, అంతే.

"నేను ఇంటిదాన్ని. నాదేముంది, ఎప్పుడైనా తింటాను. కొత్తాకు కుట్టేదాకా ఆయన్నెలా నిలబెడతాం?" అని నూకాలు లేచి, విస్తరి ఆయన ముందుకి జరిపింది. కూర్చోవే అని ఒక్కరన్నా అనుంటే ఎంత బాగుండేది! ఎవరూ అనలేదు. ఆఖరి బంతి అయ్యేసరికి బూరెలు అయిపోయాయి.

నూకాలు రెండో ముడీ విప్పేసుకుంది.

మిగిలింది మూడో ముడి. దాని తిప్పలు చూడండి. ఏరు తగ్గి దాటడానికి వీలయ్యేది మాఘంలో. పెళ్ళిళ్ళు మొదలయ్యేదీ మాఘంలోనే. పెళ్ళిళ్ళయిపోయి నూకాలు చేతులు ఖాళీ అయ్యేసరికి ఆషాఢం వచ్చేది. ఆషాఢంలో ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారేది. ఏరు దారిస్తే ఊరు ఇవ్వదు. ఊరు దారిస్తే ఏరు ఇవ్వదు.

మాఘం రాగానే నూకాలు అనేది, "చెల్లెల్ని చూసొస్తాను, నాలుగు రోజులు ఓపిక పట్టండి."

ఊరంతా ఒకే పాట పాడేది. "ఏరెక్కడికి పోతుంది? అవతలి ఊరెక్కడికి పోతుంది? నీ చెల్లెలెక్కడికి పోతుంది? ఈ పెళ్ళి కానీ, నూకాలూ!"

నూకాలు కూడా అదే అనుకునేది. ఈ పెళ్ళి కానీ.

అలా అలా జుట్టు నెరిసింది. చూపు తగ్గింది. పుల్ల ఆకులో గుచ్చబోయి వేలికి గుచ్చుకోవడం మొదలైంది. ఒక మాఘంలో ఉప్పు అమ్మేవాడు కబురు తెచ్చాడు.

"మీ చెల్లెలు చెప్పమంది. 'అక్కా, నాకు ఒంట్లో బాగుండట్లేదు. ఈసారి ఏరు తగ్గగానే రా. నీ తల నేను దువ్వుతాను' అంది."

నూకాలు ఆ మధ్యాహ్నమే మూట కట్టుకుంది. మర్నాడు తెల్లారగానే ఎవరికీ చెప్పకుండా బయలుదేరింది. చెబితే పాట పాడతారని భయం. ఏట్లో దిగింది. నీళ్ళు మోకాలి లోతే. ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. మూడో అడుగు వేస్తోంది, వెనక నుంచి కేక.

"నూకాలూ! ఓ నూకాలూ!"

సన్నాసినాయుడే. రొప్పుతూ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"చిన్నమ్మాయి ముహూర్తం ముందుకి జరిపారు. ఎల్లుండే పెళ్ళి. పక్కూళ్ళన్నీ వస్తున్నాయి. నువ్వు లేకపోతే నా పరువేం కావాలి?"

"నాయుడుబాబూ, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి. చెల్లెలికి బాగోలేదట."

"పెళ్ళి మర్నాడే నా బండిలో పంపిస్తాను. పొద్దున బయలుదేరితే అన్నం వేళకి అక్కడుంటావు. ఏరెక్కడికి పోతుంది చెప్పు?"

నూకాలు అవతలి గట్టు వైపు చూసింది. ఇవతలి గట్టు వైపు చూసింది. కొంగు చివర ముడి తడుముకుంది. వెనక్కి తిరిగింది.

పగలంతా ఊరి కుర్రాళ్ళు తెచ్చిన కొత్త ఆకు ఏరి, పుల్లలు చీల్చింది. తడిసిన కోకతోనే కూర్చుంది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. పక్కింటి ముత్యాలమ్మ జావ కాచి తెచ్చి, "పడుకోవే తల్లీ" అంది. "ఈ పెళ్ళి కానీ" అంది నూకాలు. తెల్లారి ముత్యాలమ్మ వచ్చి చూస్తే గోడకి ఆనుకుని కూర్చునే ఉంది. ఒళ్ళో సగం కుట్టిన విస్తరి ఉంది. ప్రాణం లేదు.

సాగనంపేటప్పుడు ఒంటి మీద ముడులుండకూడదంటారు. ముత్యాలమ్మ కొంగుముడి విప్పబోయింది. రాలేదు. ఏళ్ళ తరబడి తడిసి, ఆరి, రాయిలా అయింది. ఇంకొకామె పట్టింది, రాలేదు. నాయుడి పెళ్ళాం పంటితో లాగింది, రాలేదు. ఆఖరికి కొంగు చివర చింపి, ముడిని పక్కన పెట్టి, నూకాలుని సాగనంపారు.

ఇక పెళ్ళి మాటేమిటి? ఆగడానికి లేదు. కుర్రాళ్ళు మళ్ళీ కొండకి పోయి ఆకు తెచ్చారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా కూర్చున్నారు. మగవాళ్ళూ కూర్చున్నారు. నాయుడూ కూర్చున్నాడు. వచ్చినట్టు కుట్టారు. ఒకటి చదరం, ఒకటి కోల, ఒకటి ఏ ఆకారమో చెప్పలేం. పెళ్ళివారు బంతికి కూర్చున్నారు. చారు పోస్తే కారింది. పప్పు ఒకాయన ఒళ్ళోకి నడిచింది.

నాయుడు తల దించుకున్నాడు. ఇక పరువు పోయిందే అనుకున్నాడు. మగపెళ్ళివారి పెద్దాయన పంచె దులుపుకుని నవ్వాడు.

"బావగారూ, మీ చారు మా కాళ్ళు కడుగుతోంది. అయితేనేం, రుచిగా ఉంది. ఇంకాస్త పొయ్యండి!"

అందరూ నవ్వారు. అందరూ తిన్నారు. పెళ్ళి ఏ లోటూ లేకుండా జరిగిపోయింది.

నాయుడికి మాత్రం ముద్ద దిగలేదు. పెళ్ళాంతో అన్నాడు, "ఇంతేనా? ఇంతదానికా ఆవిణ్ణి ఏట్లోంచి వెనక్కి పిలిచాను?"

ఆవిడ విస్తళ్ళు ఎత్తుతూ ఏడ్చింది.

మర్నాడు నాయుడు బండి కట్టలేదు. ఆ ముడి పట్టుకుని నడిచే వెళ్ళాడు. మోకాలి లోతు నీళ్ళు దాటాడు. అన్నం వేళకి అవతలి ఊళ్ళో ఉన్నాడు. దారి అంత దగ్గరని అప్పటిదాకా అతనికి తట్టలేదు.

పైడమ్మ అరుగు మీద కూర్చుంది. పక్కన దువ్వెన, నూనెగిన్నె. వచ్చిన మనిషిని ఎగాదిగా చూసింది.

"ఏటవతల నుంచా బాబూ? మా అక్కేదీ? ఇంకా కుడుతోందా?"

నాయుడు ఏడ్చేశాడు. కొంగుముక్క ఆవిడ చేతిలో పెట్టాడు. పైడమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. ఒళ్ళో పెట్టుకుని అంది.

"మీకొక్కరికే ఏడుపెందుకు బాబూ? నాకు మాత్రం కాళ్ళు లేవా? ఏరు నాకూ తగ్గింది. ఈ ఆవు ఈననీ, ఈ చేను కొయ్యనీ, ఈ మనవడు నడవనీ అనుకున్నాను. అక్క అటు కూర్చుంది, నేనిటు కూర్చున్నాను."

ముడి విప్పడానికి ఆవిడ మాత్రం ప్రయత్నించలేదు.

నాయుడు ఇంటికొచ్చి ఊరిని పిలిచి ఒక కట్టుబాటు పెట్టాడు. ఇప్పటికీ ఏటి పక్క ఊళ్ళలో అది జరుగుతోంది. మాఘంలో ఏరు మోకాలి లోతుకి తగ్గిందని తెలిసిన దగ్గర్నుంచి మూడు రోజులు పెళ్ళి ముహూర్తం పెట్టరు. విందు చెయ్యరు. ఎవరినీ ఏ పనికీ పిలవరు. చూడాల్సినవాళ్ళని చూడటానికి వెళ్ళేవాళ్ళు వెళతారు. ఉన్నవాళ్ళు ఎవరి విస్తరి వాళ్ళు కుట్టుకుంటారు. చారు కారితే ఎవరూ కోప్పడరు.

మిగతా రోజుల్లో కూడా ఎవరైనా ఒక కోరిక చెప్పుకుని, "ఈ పని కానీ" అన్నారనుకోండి. పక్కనున్నవాళ్ళు చేతిలో పని లాక్కుంటారు. లాక్కుని ఒక్క మాటే అంటారు.

"ఏరు తగ్గింది. పోయి రా."