జగ్గారాయుడి ఉప్పు

ఉప్పు బస్తాలతో పోతున్న గూడ్సు బండి మలుపులో పట్టాలు తప్పింది. రెండు పెట్టెలు జమీందారు జగ్గారాయుడి మెరక చేలో బోర్లాపడి, బస్తాలు పగిలి ఉప్పు గుట్టలుగా పడింది. రాయుడు కర్రలవాళ్లను కాపలా పెట్టి, "నా నేలమీద పడింది నాదే, ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు. స్టేషన్ మాస్టరు ఎంత బతిమాలినా వినలేదు.

పడమట మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడితే ఆ ఉప్పంతా కరిగి పల్లంలోని పేదల వరినాట్లమీదికే దిగుతుంది. జనం కాలు నిలవక గట్లమీద తిరుగుతున్నారు.

స్టేషన్లో మూటలు మోసే అప్పలకొండకూ ఆ పల్లంలో ఒక మడి ఉంది. ఆమె ముందుకొచ్చి, "బాబూ, ఈ ఉప్పంతా తమదేనా?" అని అడిగింది.

"రవ్వతో సహా నాదే."

"అలాగని మాస్టరుగారికి రాసిచ్చేయండి. రేపు రైలు కంపెనీవాళ్లు పేచీ పెట్టకుండా ఉంటారు."

రాయుడు సంతోషంగా సంతకం చేశాడు.

"ఇక మాకు బెంగలేదు బాబూ" అంది అప్పలకొండ. "కంపెనీ ఉప్పయితే మేం ఎవరిని పట్టుకోగలం? తమ ఉప్పు మా మళ్లను చంపితే, ఆ కాగితం కలెక్టరుగారికి చూపించి బదులుగా తమ మెరక చేను ఇప్పించమంటాం."

రాయుడు మబ్బుకేసి చూశాడు. తన దివాణం నుంచి బళ్లు రావాలంటే రెండు కోసుల దూరం. రైలువాళ్ల గూడ్సు షెడ్డు ఎదురుగానే ఉంది.

"ఉప్పు రైలువాళ్లదే. ఆ కాగితం ఇలా ఇవ్వండి" అన్నాడు మాస్టరుతో.

"ఆఖరి బస్తా షెడ్డులో పడ్డాక ఇస్తారు" అంది అప్పలకొండ.

ఊరంతా కదిలింది. మనుషులు చాలకపోతే రాయుడే తన కర్రలవాళ్లను మోతకు తోలాడు. చివరి తట్ట లోపలికెళ్లేసరికి చినుకులు మొదలయ్యాయి.

వాన వెలిశాక అప్పలకొండ తన మడిలో నీళ్లు దోసిట్లోకి తీసుకుని నాలుకకు తగిలించి చూసింది. చప్పగానే ఉన్నాయి.