ఇద్దరు అప్పలకొండలూ ఒక్కరే

ఊళ్ళో ఉన్న తెలివంతా తమ గడపలోనే ఉందని చురకాలవారి గర్వం. అందులోనూ నూకరత్నం బుర్ర మరీ పదునని ఇంటిల్లిపాదీ మురిసిపోయేవాళ్ళు.

అలాంటి పిల్లకి బంగారంలాంటి సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు పెదనాన్న ఒక్కటే అడిగాడు: "మీ వంశవృక్షం మా కంప్యూటర్ ప్రోగ్రాంలో తెరుచుకునేలా పంపండి. వరసలు చూసుకుని ఖాయం చేద్దాం."

వీళ్ళదేమో పాత ప్రోగ్రాం. పట్నంలో ఉన్న పిన్ని కొడుకు గౌరీశు ఫోన్లో చెప్పాడు. "అందర్నీ పెన్‌డ్రైవ్‌లోకి దించి, కొత్తదాంట్లోకి ఎక్కించు. అది అడిగినదానికి జవాబు చెప్పు. ఎర్రగీత వస్తే తేదీ సరిచెయ్యి. అంతే."

"రెండొందల పన్నెండు మందా, ఈ వేలెడంత దాంట్లోనా?" నానమ్మ సింహాద్రమ్మ గుండెలు బాదుకుంది. "మీ పెద్దత్తకీ చిన్నత్తకీ మాటల్లేక పదేళ్ళయింది. ఒకే బండెక్కిస్తావటే?"

ఇంకేముంది, చిన్నత్త కుటుంబానికి రెండో పెన్‌డ్రైవ్ కొన్నారు. ఊపిరాడదని రెండింటికీ మూతలు తీసేశారు. వర్జ్యం వెళ్ళాక ఎక్కించారు.

కొత్త ప్రోగ్రాం అడిగింది: అప్పలకొండ అని ఇద్దరున్నారు. ఇద్దరూ ఒక్కరేనా?

ఒకాయన నూకరత్నం ముత్తాత, ఎప్పుడో పోయాడు. రెండో ఆయన నాన్న. ముత్తాత పేరే పెట్టారు.

"ఒక్కరేనే! మా మావగారే మళ్ళీ నా కడుపున పుట్టారని అరవయ్యేళ్ళుగా చెప్తన్నానా లేదా?" అంది నానమ్మ.

నూకరత్నం 'అవును' నొక్కింది. అంతే, ఇద్దరూ కలిసిపోయారు. నానమ్మ గబుక్కున లేచి కొడుకుని చూసి చెంగు తలమీదికి లాక్కుంది. మావగారి ఎదుట కూర్చుంటుందా మరి!

అంతలో ఎర్రగీత వచ్చింది. అప్పలకొండ 1958లో మరణించారు. నూకరత్నం 2002లో పుట్టడం కుదరదు.

"నాన్నా, నువ్వు పోయాక నేనెలా పుట్టాను?"

"తప్పే మరి. సరిచెయ్యమ్మా, పరువు పోద్ది," అన్నాడు నాన్న.

నూకరత్నం 1957లో పుట్టింది. గీత పోయింది. వంశవృక్షం వెళ్ళింది.

మర్నాడు పెదనాన్న ఫోను. "అమ్మాయి తండ్రిగారు లేరా?"

"లేనండీ," నాన్నే ఎత్తి చెప్పాడు. "యాభై ఎనిమిదిలోనే పోయాను."

అవతల పెదనాన్న, "ఆదివారం వచ్చి కళ్ళారా చూస్తాం," అన్నాడు.

రాసిందొకటీ ఉన్నదొకటీ అయితే సంబంధం తప్పిపోదూ? అందుకని ఆదివారం నాన్నని గోడవార కుర్చీలో కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, దండ వేసి, అగరొత్తులు వెలిగించారు. పెళ్ళివారు ఏడుగురు చెప్పులు విడిచి లోపలికొచ్చారు.

"రండి, రండి!" అన్నాడు నాన్న దండలోంచి.

ఇంకేముంది! ఏడుగురూ వట్టికాళ్ళతో వీధి చివరిదాకా పరుగే పరుగు.

నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నూకరత్నం మాత్రం గుమ్మంలో ఏడు జతలూ లెక్కపెట్టి నవ్వింది. "ఏడుపెందుకు నాన్నా? మళ్ళీ రానివాళ్ళు చెప్పులు వదిలి వెళ్తారా?"

సంబంధం ఖాయమే! వెంటనే తన పక్కన పెళ్ళికొడుకు పేరు ఎక్కించింది. అతను 1998లో పుట్టాడు. వరుడికంటే వధువు నలభై ఒక్క ఏళ్ళు పెద్దది, సరిచూడండి అంది ప్రోగ్రాం.

నూకరత్నం అతన్ని 1952లో పుట్టించి, తృప్తిగా చూసుకుంది.

"ఇప్పుడు కుదిరింది నానమ్మా, ఈడూ జోడూ!"